మడిలో దిగవలసిన చదువు

సికింద్రాబాదు వీధులలో పెరిగిన బాలునికి వరితో పరిచయము బియ్యపు సంచి వద్దనే. అట్టివాడు రాజేంద్రనగరు వ్యవసాయ కళాశాలలో చేరినచో, చివరియేట పల్లెకు పోయి ఒక రైతు వెంట కొంతకాలము గడపవలసి యుండును. 1992లో రణధావా సంఘము సూచించిన ఈ గ్రామీణ వ్యవసాయానుభవ కార్యక్రమము మన ఉన్నతవిద్యలోని మేలైన ఏర్పాట్లలో ఒకటి.

గ్రంథము నత్రజనిని కిలోలలో చెప్పును. రైతు యూరియాను బస్తాలలో లెక్కించును. 45 కిలోల బస్తాలో నత్రజని 20 కిలోలకు కొంచెము మించునంతే. ఒకే ఎరువు, రెండు భాషలు! ఈ రెంటినడుమ దుబాసీ కాగలవాడే నిజమైన పట్టభద్రుడు. నారు ఏ వయసున పీకవలెనో పుస్తకము చెప్పును. కూలీలు దొరకనినాడు, అప్పు పుట్టని యేట ఏమి చేయవలెనో రైతే చెప్పవలెను.

కాని గట్టుమీద నిలిచి, నోటుపుస్తకము నింపుకొని, సాయంకాలపు బస్సెక్కు విద్యార్థులును లేకపోలేదు. వారిని నిందించి లాభమేమి? (పరీక్షలు కాగితమును ప్రేమించుట మనకు క్రొత్త కాదు.) మార్కులు వేయు అధికారములో కొంత ఆ రైతునకు కూడ ఈయవలెను. కుఱ్ఱవాడు నాటిన మొక్క నిలిచినదో, మరునాటికి నీటిపై తేలినదో ఆయనకంటె ఎఱిగినవారెవరు?