ఆ బాధ మళ్లీ చెప్పించొద్దు

ఎంఎస్‌డబ్ల్యూ చదువుతున్నారా? చేరాలనుకుంటున్నారా? అయితే ఒక మెడికల్ క్యాంపును ఊహించుకోండి. నల్గొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఓ ఊరు. బడి ఆవరణలో టెంటు, రెండు బల్లలు, బారెడు లైను. ఫ్లోరోసిస్‌తో నడుం వంగిన అవ్వ మీ ముందు కూర్చుంది. మీ చేతిలో ఫారం ఉంది. మొదట ఏం అడుగుతారు?

"ఎప్పటి నుంచి ఇట్లుంది?" అనే కదా! సర్వేకు వచ్చినవాళ్లూ, కెమెరాలతో వచ్చినవాళ్లూ అదే అడిగారు. ఫొటో తీసుకుని వెళ్లిపోయారు. ఈ మండలంలోని శివన్నగూడేనికి చెందిన అంశల స్వామిని, వాజ్‌పేయి ప్రధానిగా ఉన్నప్పుడు, ఢిల్లీ తీసుకెళ్లి ఆయన బల్లపైనే ఉంచారు. ఆ పోరాటం వల్లే సమస్య దేశానికి తెలిసింది. కానీ ఒంటినే సాక్ష్యంగా చూపించాల్సి రావడం ఎంత బరువో ఆలోచించండి. స్వామి 2023లో చనిపోయారు. మిషన్ భగీరథ నీళ్లొచ్చాయి, వంగిన ఎముకలు మాత్రం నిటారు కావు.

మహబూబ్‌నగర్ వైపు వెళితే గాయం కంటికి కనిపించదు. ఆత్మహత్య చేసుకున్న రైతు భార్య పరిహారం కోసం రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ అధికారులకు అదే కథ చెప్పి ఉంటుంది. బీపీ చూపించుకోవడానికి వస్తే మీరూ అదే అడిగితే, మరో క్యాంపుకు ఆమె రాదు. మందులూ ఆగిపోతాయి.

మన సేవే మరో గాయం కాకుండా చూసుకోవడమే ట్రామా ఇన్ఫార్మ్‌డ్ సోషల్ వర్క్. అమెరికా ప్రభుత్వ సంస్థ సామ్సా 2014లో దీనికి ఆరు సూత్రాలు చెప్పింది. భద్రత, నమ్మకం, తోటివారి అండ, కలిసి నిర్ణయించడం, ఎంచుకునే స్వేచ్ఛ, సంస్కృతి పట్ల గౌరవం. క్యాంపులో ఇవి చిన్న పనులే. పరీక్ష చేసేచోట పరదా కట్టించండి. పాత చీటీ చదివాకే మాట్లాడండి. ఎందుకు అడుగుతున్నారో చెప్పండి. "చెప్పకపోయినా మందులిస్తాం" అనండి. అనుమతి లేకుండా ఫొటో తీయొద్దు. ఆశా కార్యకర్తను పక్కన ఉంచుకోవాలా వద్దా అన్నది రోగి ఇష్టానికి వదిలేయండి. దిగులు ఎక్కువగా ఉన్నవారికి టెలీ మానస్ నంబరు 14416 రాసివ్వండి.

ఉద్యోగాల సంగతంటారా? జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం బృందంలో సైకియాట్రిక్ సోషల్ వర్కర్ పోస్టు ఉంటుంది. మెడికల్ కాలేజీల కమ్యూనిటీ మెడిసిన్ విభాగాల్లో మెడికల్ సోషల్ వర్కర్లు పనిచేస్తారు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్గొండలో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. స్వచ్ఛంద సంస్థలు సరేసరి.

విదేశాల నుంచి క్యాంపులకు వచ్చే డాక్టర్ల దగ్గర లేనిది మీ దగ్గర ఒకటుంది. అదే ఈ ఊరి మాట. "పానం మంచిగుందా అవ్వా?" అని పక్కన కూర్చోండి. ఇంటర్వ్యూలో ఎన్ని క్యాంపులు చేశారని అడుగుతారు. ఎంతమంది మళ్లీ మీ దగ్గరికి వచ్చారో కూడా చెప్పగలిగేలా పనిచేయండి.