వేలెడు బొమ్మ, కోటంత ఫొటో

ఊళ్లు తిరగబోయేవాళ్లు ఇంట్లోని చిన్న బొమ్మనొకదాన్ని సంచిలో వేసుకుని, పోయిన చోటల్లా నిలబెట్టి ఫొటో తీయడం ఇప్పుడొక సరదా. మనిషి ముఖం ఉండే చోట బొమ్మ ఉంటుంది, అంతే తేడా. ఇదేమీ నిన్నమొన్న పుట్టిన ముచ్చట కాదు. 1964లో వచ్చిన ‘ఫ్లాట్ స్టాన్లీ’ అనే పిల్లల కథ ఆధారంగా, కెనడాలో డేల్ హ్యూబర్ట్ అనే పంతులు 1995లో కాగితపు బొమ్మలను ఊరూరికీ పోస్టులో తిప్పించడం మొదలుపెట్టాడు. 2001 నాటి ఫ్రెంచి సినిమా ‘అమెలీ’లో పెరట్లో ఉండాల్సిన బొమ్మ దేశాలు తిరుగుతుంది, దాని ఫొటోలు ఇంటికి వస్తుంటాయి. టోక్యోలో ఉనగి ట్రావెల్ అనే సంస్థయితే జనం పంపిన గుడ్డబొమ్మలను టూరు తిప్పడమే వ్యాపారంగా పెట్టుకుంది. ఒంట్లో బాగోక గడప దాటలేనివాళ్లు కూడా తమకు బదులుగా బొమ్మను పంపారంటే, ఇది వట్టి నవ్వులాట కాదన్నమాట.

ఈ సరదాకు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు కావలసినంత సరుకుంది. ముందు బొమ్మ సంగతి. 1978లో వచ్చిన లెగో బొమ్మమనిషి నాలుగు సెంటీమీటర్లే, జేబులో పడుతుంది. కానీ నిర్మల్ బొమ్మో కొండపల్లి బొమ్మో అయితే ఆ కళే వేరు. రెండూ పొణికి చెక్కవే కాబట్టి సంచికి బరువు కాదు. తడి మాత్రం తగలనివ్వకూడదు.

కిటుకంతా దూరంలో ఉంది. నాలుగు సెంటీమీటర్ల బొమ్మను కెమెరాకు నలభై సెంటీమీటర్ల దూరంలో పెడితే, వంద మీటర్ల అవతలి పది మీటర్ల గోపురమూ అదీ ఫొటోలో ఒకే ఎత్తు. నిలబడి పైనుంచి తీస్తే బొమ్మ వెనక గడ్డీ చెప్పులూ తప్ప ఏమీ పడవు. ఫోనును తలకిందులుగా పట్టుకుంటే కెమెరా కన్ను నేలకు దగ్గరవుతుంది. మోకాళ్లకు మట్టి అంటాల్సిందే.

గద్వాలలో అందరూ తీసేది అక్కడి రాజు సోమనాద్రి కట్టించిన కోట, అందులోని చెన్నకేశవస్వామి గుడి. అంతకంటే మంచి ఫొటో మగ్గం ఉన్న ఇంట్లో దొరుకుతుంది. గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెండూ కలిసే చోట పోగుకు పోగు పట్టించి నేస్తారు. చీర కట్టుకున్నప్పుడు ఆ అతుకు ఎవరి కంటా పడదు. మడతపెట్టిన చీర అంచు మీద బొమ్మను నిలిపి దగ్గర్నుంచి తీస్తే నూలు నునుపు, పట్టు మెరుపు, రెంటి మధ్య గీత అన్నీ తేలతాయి. జరీ పోగు బొమ్మ కాళ్ల దగ్గర మోకులా కనిపిస్తుంది. మగ్గం మీదున్న పడుగు జోలికి మాత్రం పోకూడదు. ఒక్క పోగు తెగినా నేతగాడు పని ఆపి ముడేసుకోవాలి.

అలంపురంలో బాదామి చాళుక్యులు ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో కట్టించిన నవబ్రహ్మ ఆలయాలున్నాయి. వచ్చినవాళ్లు జోగులాంబ దర్శనం చేసుకుని, శిఖరాలకేసి ఓ చూపు చూసి బస్సెక్కుతారు. గోడల్లోని రాతి జాలీ కిటికీలను ఆగి చూసేది కొందరే. బొమ్మ కోసం వంగినవాడికి అవి దొరుకుతాయి. అలాగని శిల్పం ఒళ్లో బొమ్మను కూర్చోబెడితే తప్పే. అది పురావస్తు శాఖ కాపాడుతున్న కట్టడం, ముందున్న నేల చాలు. గర్భగుడిలో ఫోను తీయకూడదని వేరే చెప్పాలా?

వనపర్తి సంస్థానం రాజభవనంలో ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తోంది, అడిగి లోపలికి వెళ్లాలి. శ్రీరంగాపురంలో చెరువు గట్టున రంగనాయకస్వామి గుడి ఉంది, గాలి లేని పొద్దున గోపురం నీళ్లలో పడుతుంది. 1959లో పూర్తయిన సరళాసాగర్ జలాశయం దగ్గర మాత్రం జాగ్రత్త. అక్కడ గేట్లెత్తే మనిషుండడు. నీటిమట్టం పెరిగితే సైఫన్లు వాటంతటవే పనిచేస్తాయి. వానాకాలంలో బొమ్మ కోసం కిందికి దిగడం బుద్ధితక్కువ పని.

నాగర్‌కర్నూల్ జిల్లాలో సోమశిల దగ్గర శ్రీశైలం వెనక నీళ్లు ఎండాకాలం తగ్గుతాయి, ఒడ్డు బయటపడుతుంది, బొమ్మను నిలబెట్టడానికి చోటు అప్పుడే ఎక్కువ. నల్లమలలో ఉమామహేశ్వరం వైపు పోతే కోతులతో పేచీ. చేతిలో ఏది కనిపించినా తినేదే అనుకుంటాయవి. బొమ్మ నడుముకు సన్నదారం కట్టి, కొస వేలికి చుట్టుకోవడం మేలు. అమ్రాబాద్ పులుల అడవిలో ప్లాస్టిక్ బొమ్మ జారిపోతే మళ్లీ దొరకదు, మట్టిలో కలిసీ పోదు. అక్కడికి కొయ్యబొమ్మనే తీసుకుపోవాలి.