వాంతే రాని ప్రాణికి పస్తెందుకు?

ఆ మధ్య మా పక్కింటి అమ్మాయి పెంచుకుంటున్న గినీపందికి మెడ దగ్గర గడ్డ లేచింది. ఆపరేషన్ చేయాలన్నారు. ముందురోజు రాత్రే దాని మేత తీసేసింది వాళ్ళమ్మ. "మత్తిచ్చే ముందు కడుపు ఖాళీగా ఉండాలి కదా వదినా! నా ఆపరేషన్‌కీ అలాగే అన్నారు" అంది. నేనూ తలూపాను. గడ్డ తీశారు. ఇంటికొచ్చిన ప్రాణి గడ్డి ముట్టలేదు. మత్తు వదల్లేదేమో అనుకున్నాం. మర్నాటి సాయంత్రానికి అది లేదు.

ఆ పస్తు వల్లే పోయిందని చెప్పలేను. కానీ ఆ తర్వాత చదివి తెలుసుకున్నది విని, వాళ్ళమ్మా నేనూ చాలాసేపు మాట్లాడుకోలేకపోయాం.

మనకి పస్తు పెట్టేది, మత్తులో వాంతయి ఊపిరితిత్తుల్లోకి పోకూడదని. ఎలుకలకీ, హామ్‌స్టర్లకీ, గినీపందులకీ అసలు వాంతే రాదు! పైగా గినీపంది పేగులు ఎప్పుడూ కదులుతూ ఉండాలి. చాలాసేపు మేత లేకపోతే ఆ కదలిక మందగించి ప్రాణం మీదికొస్తుంది. నోట్లో మేత మిగలకుండా కాసేపు ఆపమంటే ఆపాలి, అంతే. విదేశాల్లో పెంచుకునే ఫెర్రెట్ సంగతి వేరు. అది మాంసం తినే జంతువు, వాంతి వస్తుంది. దానికి కొద్ది గంటల పస్తు అవసరమే. రాత్రంతా మాడిస్తే మాత్రం ఒంట్లో చక్కెర పడిపోవచ్చు.

బ్రిటన్‌లో జరిపిన ఓ పెద్ద పరిశీలన 2008లో వెలువడింది. మత్తిచ్చిన రెండు రోజుల్లో చనిపోయినవి కుక్కల్లో నూటికి 0.17, ఫెర్రెట్లలో 0.33. హామ్‌స్టర్లలో 3.66, గినీపందుల్లో 3.8! అంటే ఇంచుమించు ఇరవయ్యారింటిలో ఒకటి. చిన్న ఒళ్ళు ఇట్టే చల్లబడిపోతుంది. శ్వాసగొట్టం వేయడం కష్టం. కుక్కల్లో దాదాపు సగం, పిల్లుల్లో, కుందేళ్ళలో సగానికి పైగా చావులు ఆపరేషన్ అయిపోయాకే జరిగాయట. అందులోనూ మొదటి మూడు గంటల్లోనే ఎక్కువ. "అయిపోయింది, తీసుకెళ్ళండి" అనగానే బుట్టలో వేసుకొచ్చేయడం ఎంత ప్రమాదమో చూడండి.

పెంపుడు జంతువులమ్మే దుకాణాలకి 2018లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు చేయించుకోవాలి. అమ్మకానికి నియమం వచ్చింది, మంచిదే. కొన్నాక జబ్బు చేస్తే చూసే డాక్టరు మన ఊళ్ళో ఉన్నారా అన్నది మాత్రం మనమే కనుక్కోవాలి. చిన్న ప్రాణులకి మత్తిచ్చిన అనుభవం ఉందా? బరువు తూచి మందిస్తారా? వెచ్చగా ఉంచే ఏర్పాటుందా? నొప్పికి మందిస్తారా? తెలివొచ్చి కదిలేదాకా ఎవరు చూస్తారు? ఇవి అడగడానికి మొహమాటం అక్కర్లేదు. ఇంటికొచ్చాక వెచ్చగా ఉంచి, మేత ముందు పెట్టి, పెంటికలు వేస్తోందో లేదో గమనించాలి. కొన్ని గంటలైనా తినకపోతే తెల్లారేదాకా ఆగకుండా డాక్టరుకి చెప్పాలి.

ఆ పిల్ల మళ్ళీ ఒకటి కొనిపెట్టమంటోంది. "ముందు డాక్టర్ని వెతుకుదాం, తర్వాత దాన్ని" అంది వాళ్ళమ్మ. ఈసారి నేను తెలిసే తలూపాను.