కడుపు నింపే కుండ, పేరు నిలిపే కుండ

‘నచ్చిన పనే చెయ్యి’ అని ఒకరు, ‘ముందు ఏదో ఒక ఉద్యోగంలో చేరిపో’ అని ఇంకొకరు. క్యాంపస్ ఇంటర్వ్యూల రోజుల్లో ఈ రెండు సలహాలూ విని తల తిరిగిపోతుంది. రెండింట్లో ఒకటే ఎంచుకోవాలా? అక్కర్లేదంటుంది ఒక మట్టిపాత్రల మ్యూజియం.

అమెరికాలోని మిసిసిపి తీరంలో హైవే 90 మీద కారులో వెళ్తుంటే పక్కనే తెల్లటి ఇసుక, సముద్రం. ఆ దారిలోనే బిలాక్సీ అనే ఊళ్లో ఓర్-ఓకీఫ్ మ్యూజియం ఉంది. అక్కడ చదువుకుంటున్న మనవాళ్లు న్యూ ఆర్లీన్స్ ట్రిప్ వేస్తే, బీచ్‌లో ఫొటోలతో సరిపెట్టకుండా ఇక్కడా ఓ గంట ఆగాలి.

జార్జ్ ఓర్ (1857-1918) ఆ ఊరి కుమ్మరి. పూలకుండీలు, పొగగొట్టాలు, చిల్లర బొమ్మలు అమ్మి ఇల్లు గడిపాడు. దాంతోపాటే మట్టిని పల్చగా సాగదీసి, నలిపి, మెలిపెట్టి వింత కుండలు చేశాడు. ఏ రెండూ ఒకేలా ఉండకూడదన్నది ఆయన పట్టుదల. 1894లో వర్క్‌షాపు కాలిపోతే మళ్లీ కట్టుకున్నాడు. ఆ కుండల్ని అప్పట్లో కొన్నవాళ్లు తక్కువే. వేలాదిగా ఇంటివాళ్ల దగ్గరే ఉండిపోయి, 1970ల తర్వాతే లోకానికి తెలిశాయి.

కాబట్టి మొదటి ఉద్యోగం పూలకుండీ లాంటిదైనా చిన్నతనం అనుకోకండి, చేరండి. వారానికి నాలుగు గంటలు మాత్రం మీ సొంత కుండకి కేటాయించండి. అది యాప్ కావచ్చు, యానిమేషన్ కావచ్చు, కథ కావచ్చు. ఓర్ కుండల్లా దాన్ని అటక మీద పెట్టొద్దు. ఇవాళే రెజ్యుమెలో లింక్ ఇవ్వండి.