రంగు పూస్తే బాగుచేసినట్టా?

పాత హెచ్.ఎం.టి. జనతా వాచీకి కొత్త రంగు డయలు వేయించి, "బాగుచేయించాను" అని మురిసేవారితో నాకు పేచీ ఉంది.

లోపలి యంత్రం సంగతి వేరు. నూనె ఎండితే ఇరుసులు అరుగుతాయి. విప్పి, శుభ్రపరచి, కొత్త నూనె వేయించవలసిందే. అరిగిన భాగాన్ని మార్చడమూ న్యాయమే. అది వాచీకి ఆయువు.

డయలు అలా కాదు. 1961లో సిటిజన్ సహకారంతో బెంగుళూరులో మొదలైన ఆ తయారీ సంస్థ మూసివేతకు 2016లో కేంద్రం ఆమోదించింది. ఇక అసలు డయళ్ళు పుట్టవు. ఉన్నదాన్ని గీకి, రంగు పూసి, అక్షరాలు అచ్చువేస్తే మిగిలేది నకలు. దానిని అసలుగా అమ్మితే మోసం.

"తాతగారి వాచీ మెరిస్తే తప్పేమిటి?" అంటారా? గీతలు పడిన పై అద్దానికి మెరుగు పెట్టించండి. పసుపుబారిన ఆ ముఖాన్ని మాత్రం తాకకండి. ఆయన రోజూ వేళ చూసుకున్నది దానిలోనే.