పాలపిట్ట ఫొటోకి కోడ్ రివ్యూ

“ఫొటో సూపర్ బ్రో” అనేవాళ్లని కాసేపు పక్కన పెడదాం. వాళ్లు మంచి ఫ్రెండ్సే. కానీ ఆ మాటతో ఫొటో ఏం బాగుపడదు. మా ఆఫీసులో ఒకరు రాసిన కోడ్‌ని ఇంకొకరు చూసి, ఏ లైన్లో ఏం తేడా ఉందో చెప్పాకే రిలీజ్ చేస్తారు. దాన్ని కోడ్ రివ్యూ అంటాం. ఈ వారం ఓ పాలపిట్ట ఫొటోని అలాగే రివ్యూకి పెట్టా.

సంగారెడ్డి దాటాక ఒక పొలం గట్టు మీద నుంచి తీసిన ఫొటో అది. కరెంటు తీగ మీద పాలపిట్ట, వెనక తెల్లటి ఆకాశం. సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్, 70-300 లెన్స్. దగ్గరికెళ్తే ఎగిరిపోతుంది కాబట్టి దూరం నుంచే తీశా. ఫ్రేము మధ్యలో పిట్ట చిన్నగా, కాస్త నల్లగా వచ్చింది. కన్ను మాత్రం షార్ప్‌గా ఉంది. పక్షి ఫొటోకి అదే ప్రాణం. కన్ను ఫోకస్‌లో లేకపోతే ఎడిటింగ్‌తో పెద్దగా ఒరిగేదేం ఉండదు.

ముగ్గురికి పంపా. “బాగుందా?” అని అడగలేదు. “ముందు మీ చూపు ఎక్కడికెళ్లింది? ఏది అడ్డొచ్చింది?” అని అడిగా. ప్రశ్న ఇలా ఉంటేనే జవాబు పనికొస్తుంది.

రూమ్మేట్ మాట: చోటు

“పిట్ట ఎడమవైపు చూస్తోంది. అటు కాస్త ఎక్కువ చోటు వదులు” అన్నాడు. నిజమే, పక్షి చూసే వైపు ఖాళీ ఉంటే మన చూపు కూడా అటే వెళ్తుంది. 6000×4000 ఫ్రేమ్‌ని 3000×2000కి క్రాప్ చేసి, పిట్టని కుడి పక్కకి తెచ్చా. పిక్సెళ్లలో నాలుగో వంతే మిగిలింది, అంటే 60 లక్షలు. ఫోన్ స్క్రీన్‌కి అది చాలా ఎక్కువే. గోడంత ప్రింట్ వేద్దామంటే మాత్రం చాలదు.

ఆఫీసు సీనియర్ మాట: వెలుగు

“కెమెరా ఆకాశాన్ని చూసి వెలుతురు లెక్కేసింది, పిట్ట చీకట్లో ఉండిపోయింది” అన్నారు. ఇక్కడే ‘రా’ ఫైల్ ఆదుకుంటుంది. జేపీఈజీలో ఒక్కో రంగుకి 256 మెట్లే ఉంటాయి. 14 బిట్ల రా ఫైల్‌లో 16,384 ఉంటాయి. అందుకే నీడలో దాగిన వివరాల్ని పైకి తీయొచ్చు. ఎక్స్‌పోజర్ కొంచెం, షాడోస్ ఇంకాస్త పెంచా. ఈకలు బయటపడ్డాయి, వాటితో పాటు గరుకుగా నాయిస్ కూడా.

నాయిస్ తగ్గించే స్లైడర్‌తో జాగ్రత్త. పాలపిట్ట గొంతు మీద, రొమ్ము మీద సన్నటి లేతగీతలుంటాయి. దాన్ని గుర్తుపట్టే ఆనవాళ్లలో అవీ ఒకటి. స్లైడర్ పెంచుతుంటే నాయిస్‌తో పాటు ఆ గీతలూ చెరిగిపోతాయి. మిగిలేది ప్లాస్టిక్ బొమ్మ. గీతలు కనపడుతున్నంత వరకే పెంచి ఆపేశా. కాస్త గరుకు మిగిలింది, ఉండనీ.

నీలం జోలికి అసలు పోలేదు. పాలపిట్ట నీలం, నీలిరంగు పదార్థం వల్ల వచ్చింది కాదు. ఈక లోపలి సూక్ష్మ నిర్మాణం వెలుతురుని చెదరగొట్టే తీరు వల్ల అలా కనిపిస్తుంది. శాచురేషన్ లాగేస్తే రెక్కలోని లేత నీలం, ముదురు నీలం కలిసిపోయి ఒకటే పెయింట్ ముద్దలా తయారవుతాయి.

మామయ్య మాట: తీగ

సీనియర్, రూమ్మేట్ ఇద్దరూ ఒక్క విషయంలో కలిశారు: “ఆ కరెంటు తీగ తీసెయ్. ఏఐతో రెండు సెకన్ల పని. చెట్టు కొమ్మ పెట్టెయ్.”

మా మేనమామ రైతు. ఆయన ఫోన్ చేసి నవ్వాడు. “తీగ తీసేస్తే అది యాడ కూసుంటది రా? రోజూ ఆడ కూసోనే మిడతల కోసం కిందికి చూస్తది.”

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఎత్తున కూర్చుని, నేల మీద పురుగు కదలగానే దిగి పట్టుకోవడం పాలపిట్ట తీరు. పొలాల దగ్గర దానికి కరెంటు తీగే మంచె. కొమ్మ పెడితే ఫొటో అందంగానే ఉంటుంది, కానీ నేను చూడని పిట్ట బతుకు అది. తీగ ఉంచేశా. ఉన్నదాన్ని బాగా కనపడేలా చేస్తే ఎడిటింగ్. లేనిదాన్ని పెట్టి “ఇలాగే చూశా” అంటే అబద్ధం. ‘వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్’ లాంటి పోటీలు చివరి దశకొచ్చిన ఫొటోలకి ఒరిజినల్ ఫైళ్లు అడిగేది కూడా అందుకే.

షేర్ కొట్టే ముందు

రివ్యూ కోసం క్వాలిటీ తగ్గకూడదని వాట్సాప్‌లో ఫొటోని డాక్యుమెంట్‌గా పంపుతాం కదా. కెమెరా యాప్‌లో లొకేషన్ ఆన్ ఉంటే, ఫొటో తీసిన చోటు కూడా ఆ ఫైల్‌లోనే వెళ్తుంది. పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి. దసరా రోజు దాన్ని చూస్తే శుభమని మన నమ్మకం. ఆ నమ్మకాన్ని సొమ్ము చేసుకోవడానికి పిట్టల్ని పట్టి, పంజరంలో పెట్టి చూపించేవాళ్లున్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. మన ఫైల్ వాళ్లకి దారి చూపించకూడదు. అందుకే ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు లొకేషన్ తీసేయండి. ఊరి పేరు, చెరువు పేరు కూడా క్యాప్షన్‌లో అక్కర్లేదు.

మీ గ్యాలరీలోనూ ఓ పిట్ట ఫొటో ఉండే ఉంటుంది. ముగ్గురికి పంపండి. వాళ్లలో ఒకరు కెమెరా పట్టకపోయినా ఆ పిట్టని రోజూ చూసేవాళ్లయితే మరీ మంచిది.