ఐరన్ బిళ్ల సరే, జామకాయ ఏదీ?

హంగేరీలోని సెగెద్ మిరపకు పేరుపడ్డ ఊరు. 1930ల మొదట్లో అక్కడి విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ సెంట్‌-జార్జి అనే శాస్త్రవేత్త పండు మిరపకాయల నుంచి సి విటమిన్‌ను కిలోల లెక్కన తీశాడు. 1937లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. పల్నాడు జిల్లా బొల్లాపల్లి మండలంలోని మెట్టచేలల్లోనూ మిరపే వేస్తారు. కాకపోతే ఇక్కడి కాయ కళ్లంలో ఎండి గుంటూరు యార్డుకు చేరుతుంది, ఆ ఎండకే సి విటమిన్ చాలావరకు పోతుంది. పచ్చిమిర్చిలో అది దండిగానే ఉన్నా కూరలో పడేవి నాలుగు కాయలు. మిరప పండించే ఇంట్లోనైనా నెల తప్పిన కోడలికి ఆ విటమిన్ వేరే దారిన అందాల్సిందే.

ఎంత కావాలి? భారత వైద్య పరిశోధన మండలి 2020 లెక్క ప్రకారం మామూలు స్త్రీకి రోజుకు 65 మిల్లీగ్రాములు, గర్భిణికి 80, బాలింతకు 115. ఇదేమీ కొండంత కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికల్లో వంద గ్రాముల జామకాయలో 200 మిల్లీగ్రాములకు పైగా, ఉసిరికాయలో 250 దాకా, పచ్చి మునగాకులో సుమారు వంద ఉన్నట్టు తేలింది. ఓ మాదిరి జామకాయ తింటే రోజు లెక్క తీరిపోతుంది. వేవిళ్లలో నాలుక పులుపు కోరుతుంది కదా, చింతపండు చాలదా అంటే చాలదు. అందులో సి విటమిన్ నామమాత్రమే.

జామకాయ మీద ఇంత పట్టుదల దేనికంటే, రక్తం కోసం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉంది, అంటే హిమోగ్లోబిన్ 11 పాయింట్లకు చేరడం లేదు. మన పళ్లెంలో ఇనుము ఎక్కువగా రాగులు, పప్పులు, ఆకుకూరల నుంచి వస్తుంది. మొక్కల్లోని ఇనుమును పేగు అంత తేలిగ్గా తీసుకోదు. అదే ముద్దతో సి విటమిన్ కూడా పడితే ఎక్కువ ఇనుము ఒంటబడుతుంది. అన్నం తినగానే టీ తాగితే ఆ కాస్తా తగ్గుతుంది.

బొల్లాపల్లికి దీనికి తోడు ఇంకో పీడ ఉంది, బోరునీళ్లలో ఫ్లోరైడ్. ఫ్లోరైడ్ మీద పరిశోధన చేసిన ఎ.కె. సుశీల బృందం దిల్లీలో రక్తం తక్కువగా ఉండి, మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా కనిపించిన గర్భిణులను పరిశీలించి, 2010లో ఫలితాలు ప్రచురించింది. ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు, తిండి మాన్పించి, పాలు, కూరగాయలు, పళ్లు పెంచితే హిమోగ్లోబిన్ పెరిగింది, తక్కువ బరువుతో పుట్టే బిడ్డలూ తగ్గారు. పేగు లోపలి పొరను ఫ్లోరైడ్ దెబ్బతీయడం వల్లే తిన్నది ఒంటబట్టదని ఆమె వివరణ.

ఇప్పుడు సర్కారు ఇచ్చేది చూడండి. ఐరన్ బిళ్లలు ఇస్తున్నారు, మంచిదే. 2020 సెప్టెంబరులో మొదలైన సంపూర్ణ పోషణ పథకంలో గర్భిణికి బియ్యం, కందిపప్పు, నూనె, గుడ్లు, పాలు, రాగిపిండి, అటుకులు, బెల్లం, చిక్కీ, ఎండు ఖర్జూరం చేర్చారు. మాంసకృత్తులకు, ఇనుముకు, సున్నానికి ఇందులో చోటుంది. సి విటమిన్ మాత్రం ఇంచుమించు సున్నా. గోదాములో నిలవ ఉండే సరుకుతో జాబితా రాస్తే అంతే అవుతుంది.

అలాగని సి విటమిన్ బిళ్లలు మింగించమని కాదు. బ్రిటన్‌లో గర్భిణులకు రోజుకు వెయ్యి మిల్లీగ్రాముల సి విటమిన్‌ను ఇ విటమిన్‌తో కలిపి ఇచ్చి చూశారు. గుర్రపువాతానికి దారితీసే బీపీ ఆగలేదని 2006లో తేలింది. ఆ జంటను గర్భిణులకు సిఫారసు చేయబోమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పింది. షాంఘైలో జరిగి 2020లో వెలువడిన పరిశోధన, రక్తహీనత ఉన్న పెద్దవాళ్లలో ఐరన్ బిళ్లకు సి విటమిన్ బిళ్ల తోడైనా అదనపు లాభం లేదంది. సి విటమిన్ పళ్లెంలోనే ఉండాలి.

పళ్లెం దగ్గర అడ్డంకులు ఇంటివే. జామ తింటే జలుబు, బొప్పాయి తింటే వేడి, ఆదివారం ఉసిరి తగదు అంటారు. పచ్చి బొప్పాయిని దూరం పెట్టడంలో అర్థముంది. జామకాయ మీది భయానికి ఆధారం లేదు.

శిశు సంక్షేమ అధికారులు చేయాల్సింది పెద్దదేమీ కాదు. అంగన్‌వాడీ భోజనంలో రోజుకో జామకాయ, అది దొరకని రోజుల్లో నిమ్మకాయ చేర్చాలి. కొనే డబ్బు అంగన్‌వాడీ కేంద్రం చేతికే ఇవ్వాలి. ఆవరణలో ఓ జామ, ఓ మునగ నాటాలి. ఫ్లోరైడ్ ఊళ్లలో శుద్ధి చేసిన నీళ్లు ముందుగా గర్భిణుల ఇళ్లకు చేరాలి. ఈలోగా ఇంట్లోవాళ్లు చేయగలిగింది ఒకటుంది: పప్పు పొయ్యి మీద నుంచి దించాకే నిమ్మకాయ పిండండి, టీని భోజనానికి గంట దూరంలో పెట్టండి.